ఇరవై రెండు ఇంచుల సీటు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే డోన్ స్టేషన్ నుంచి కర్నూలు దాకా వస్తాయి. ఆ వరసలో అన్నిటికంటే ముందు నిలబడేది ఒక సీటు. అసెంబ్లీ సీటు కాదు, మెడికల్ సీటూ కాదు. కారులో డ్రైవరు కూర్చునే సీటు. దాని పుణ్యమా అని ఒకే రోజున కారు పోగొట్టుకున్నాను, పందెం పోగొట్టుకున్నాను, కడప జనం ముందు పరువు కూడా పోగొట్టుకున్నాను. ఇందులో ఎవరూ నన్ను మోసం చేయలేదని ముందే చెప్పేస్తున్నాను. అందరూ మంచి మాటే చెప్పారు. వాటిని వినకుండా ఉండటానికి నేను పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. బీకాం పూర్తి చేసి, డోన్‌లో మా నాయన నడిపే లారీ బుకింగ్ ఆఫీసులో కూర్చుని ఫోనులో కార్ల పందేలు చూడటం నా ఉద్యోగం. మాకొక పాత అంబాసిడర్ ఉండేది. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట. మట్టి దారుల్లో తిరిగి తిరిగి ఇటుక రంగుకొచ్చింది. దాన్ని నేను రేసు కారు చేయాలనుకున్నాను. నవ్వకండి, ఇంకా నవ్వాల్సింది చాలా ఉంది. ఇంజను బాగు చేయించాను, రేసు కార్లలో చూసినట్టు లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టించాను. కడప దాటి గండికోట వైపు పోయే దారిలో ఒక బీడు భూమిలో మట్టి ట్రాకు మీద పందెం పెడుతున్నారనీ, పాత కార్లకు విడిగా ఒక విభాగం ఉందనీ తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఉగ్గాని, బజ్జీ మాత్రం సహించేవి.

చిక్కంతా మా ఓబుళేసు బావతో వచ్చింది. ఓబుళేసు బావ అంటే మా అక్క మొగుడు. ఆలూరు పక్కన పల్లెలో ఉల్లిగడ్డ పండిస్తాడు. ఆ కారు మీద ఆయనకు ఆశ ఉంది. ఒకరోజు నాయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు.

“రామాంజీ, ఓబుళేసు మళ్లీ ఫోన్ చేసినాడు రా. ఆస్పత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా మీ అక్క పిల్లోళ్లను ఎత్తుకోని ఆటోల్లో కిందా మీదా పడతాండాది. నువ్వేమో కారును మట్టిలో గిరగిరా తిప్పుతానంటాండావు.”

“ఒక్క చాన్స్ ఇయ్యి నాయనా.”

“ఇస్తా. ఆ కడపోళ్లు నిన్నూ నీ బండినీ చూసి, సరే అని పందెంలోకి ఇడిస్తే కారు నీది. ఇడవలేదా, ఆడికాడే తాళాలు ఓబుళేసు చేతిలో పెట్టాల. ఇంగ కతలు చెప్పగూడదు.”

ఒప్పుకున్నాను. పందెం గెలవమనలేదు, పరీక్షలో పాసవమన్నాడు. బీకామే పాసైనవాణ్ణి, కారు పరీక్ష ఒక లెక్కా అనుకున్నాను.

పందెం వాళ్లు పంపిన నిబంధనల్లో సగం సీటు గురించే ఉన్నాయి. మామూలు సీటు పనికిరాదు, రేసు సీటే ఉండాలి. గట్టిదని పరీక్షించిన ముద్ర దాని మీద ఉండాలి. బెల్టులు భుజాల మీదుగా దిగడానికి వీపు దగ్గర కంతలుండాలి. కారు నేలకు మందపాటి ఇనుప పలకలతో బిగించాలి. అంబాసిడర్ ముందు సీటు మీకు తెలిసిందే కదా. దాని మీద ముగ్గురు కూర్చుని, నాలుగోవాడు వస్తే జరిగి చోటిస్తారు. ఆ సీటు పీకేసి, బెంగళూరులో కొలత ప్రకారం రేసు సీట్లు చేసి పంపే ఒక దుకాణానికి ఫోన్ చేశాను. ఒక తెలుగమ్మాయి ఎత్తింది. బయట లారీల గోలలో వినబడక స్పీకర్ పెట్టాను.

“సార్, ముందు మీ సీటు కొలత చెప్పండి.”

ఆఫీసులో నాయన ఉన్నాడు. లోడు కోసం వచ్చిన ఇద్దరు లారీ డ్రైవర్లు ఉన్నారు.

“ఏం కొలతమ్మా?” అన్నాను.

“మీ సీటే సార్. కూర్చున్నప్పుడు మీ వెనకభాగం ఈ చివర నుంచి ఆ చివరకు...”

స్పీకర్ ఆపబోయి కంగారులో శబ్దం ఇంకా పెంచాను. లారీలు కూడా ఒక్క క్షణం ఆగి విన్నట్టు అనిపించింది.

“ఎవుర్రా ఆ పాప?” అన్నాడు నాయన. “నీ వెనకాల కొలతలు ఆ పాపకేంటికి?”

“సంబంధమేమోలే అన్నా,” అన్నాడు ఒక డ్రైవరు తాపీగా. “ఈ మధ్య ఆడపిల్లోళ్లు అన్నీ అడుగుతాండారు.”

“కాగితం పంపండమ్మా, రాసి పంపుతాను,” అని ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయి వాక్యం ఇంకో నాలుగు మాటలు సాగి ఉంటే నాకు ఈ కథ రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు మీరు నా బుర్ర ఎలా పనిచేసిందో చూడాలి. సీటు కొలత కావాలి. సీటు కొలత అనే మాట నేను పుట్టినప్పటి నుంచి ఎక్కడ విన్నాను? టైలర్ దగ్గర. ప్యాంటు కుట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు. “నడుము ముప్పై నాలుగు, సీటు నలభై, తొడ ఇరవై నాలుగు” అని టేపు మెడలో వేసుకుని రాసుకుంటాడు కదా, అదే సీటు. కాబట్టి నేరుగా మా వీధి చివర మస్తాన్ భాయ్ దగ్గరికి పోయాను. నన్ను చెడ్డీల కాలం నుంచి కొలుస్తున్న మనిషి.

“సీటు కొలత కావాల భాయ్.”

“ప్యాంటు కుట్టాలనా?”

“ప్యాంటు కాదు. కారుకు.”

మస్తాన్ భాయ్ మిషను ఆపి కళ్లజోడు తీశాడు. “అరె! కార్లకు గూడా ప్యాంట్లు ఏస్తాండారా ఈ మధ్య?”

సంగతంతా చెప్పాను. భాయ్ టేపు తిప్పి, “నలభై” అన్నాడు.

“అది చుట్టూ కదా భాయ్. నాకు అడ్డం కొలత కావాల. సగం చేస్తే ఇరవై.”

“బట్టకు సగమప్పా. బట్టను మడిస్తే సగమైతాది, మనిషిని మడిస్తే కాడు. నీకు ముందర ఉండాది, ఎనకాల ఉండాది, పక్కలకు శానా తక్కువ. ఈ స్టూలు మీద కుచ్చో. అటొక పలకా ఇటొక పలకా ఆనించి మధ్యన కొలుస్తా.”

ఎంత మంచి మాట! రేసు సీటుకు కొలత తీయాల్సింది అచ్చం అలాగేనని తర్వాత తెలుసుకున్నాను. డోన్‌లో బడి మెట్లు ఎక్కని ఒక టైలర్ తనంతట తాను కనిపెట్టిన పద్ధతి అది. దానికి నేను ఇచ్చిన సమాధానం ఇది:

“భాయ్, నేను బీకాం చదివినా.”

“సరేలే బీకాం,” అని నిట్టూర్చాడు. “లూజు ఎంత పెట్టాల?”

లూజు సంగతి పరాయి ఊరివాళ్లకు చెప్పాలి. మా వైపు ఏది కుట్టించినా రెండు ఇంచులు లూజు పెట్టించుకోవడం ఆచారం. చిన్నప్పుడు ఎదుగుతామని, పెళ్లయ్యాక ఒళ్లు చేస్తామని, ముసలితనంలో గాలి ఆడాలని. మా ఎండకు ఒంటికి అతుక్కునే బట్ట వేసుకున్నవాణ్ణి జాలిగా చూస్తారు. సరిగ్గా కుదిరిన చొక్కా నేను పెద్దయ్యేదాకా వేసుకోలేదు. అందుకే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

“రెండించులు పెట్టు భాయ్.”

ఇరవైకి రెండు కలిపితే ఇరవై రెండు. నా ఒంటికి కావలసింది పదిహేను. కాగితంలో సీటు వెడల్పు అన్న గడిలో ఇరవై రెండు అని రాసి పంపేశాను.

మరుసటి రోజు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. ఈసారి తెలివిగా లారీల వెనక్కి పోయి ఎత్తాను.

“సార్, ఇరవై రెండు ఇంచులని వచ్చింది. పొరపాటున పడిందా?”

“పొరపాటు లేదమ్మా. ముప్పై ఏండ్ల అనుభవం ఉండే మనిషి కొలిచినాడు.”

“కార్లకు సీట్లు బిగించే ఆయనా సార్?”

“టైలరు.”

అటు నుంచి కాగితం మళ్లీ తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

“సార్, మా దగ్గర అన్నిటికంటే పెద్ద సైజు కూడా అంతుండదు. ఒక్కసారి బెంగళూరు వచ్చి, హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుని చూడండి. నడుము దగ్గర, భుజాల దగ్గర సీటు మిమ్మల్ని బిగించి పట్టుకోవాలి. వదులైతే ప్రమాదం సార్.”

“మాది రాయలసీమమ్మా. మేం కొంచెం లూజుగానే ఉంటాం.”

“కొలతకు చేసింది వెనక్కి తీసుకోము సార్.”

“ఎవురు వాపసు ఇస్తారమ్మా?” అని గట్టిగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

పందేనికి నాలుగు రోజుల ముందు సీటు లారీలో దిగింది. అట్టపెట్టె విప్పగానే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. నల్లటి సీటు, ఎర్ర అంచులు, తలకు రెండు పక్కలా రెక్కలు. అందంలో వంక పెట్టడానికి లేదు. పరిమాణం మాత్రం చూసేవాళ్లను కలవరపెట్టింది.

“ఎవురికి రా ఇది?” అంది అమ్మ. “ఊరేగింపులో దేవుణ్ణి కుచ్చోబెట్టేకా?”

రోషంగా ఎక్కి కూర్చున్నాను. కుడి పక్క గోడకు ఆనుకుంటే ఎడమ పక్క గోడ చాలా దూరంలో కనిపించింది. ఒక లారీ డ్రైవరు వచ్చి, తన టిఫిన్ క్యారియర్‌ను నా తొడ పక్కన సందులో పెట్టి చూశాడు. కదలకుండా కూర్చుంది.

“దూరం పోయేటప్పుడు బాగుంటాదన్నా,” అన్నాడు మెచ్చుకోలుగా.

నాకు ఏడుపొక్కటే తక్కువ. దుకాణానికి ఫోన్ చేసే మొహం లేదు. ఇంకో సీటు చేయించే వ్యవధి లేదు. మళ్లీ మస్తాన్ భాయ్ దగ్గరికే పరుగెత్తాను. సంగతి విని ఆయన చూసిన చూపు ఉంది చూడండి, దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. అమ్మ పాత చీరలతో రెండు బొంతలు కుట్టిచ్చాడు, సీటుకు కట్టుకోవడానికి నాడాలు కూడా పెట్టి. ఒక్క పని మాత్రం నేను సరిగ్గా చేశాను. సీటును మందపాటి ఇనుప పలకలతో, మంచి బోల్టులతో నేలకు బిగించాను. ఎద్దులు కట్టి లాగినా ఊడదు.

పందెం రోజు మేం చేరేసరికి ఎండ మాడుస్తోంది. నేనూ నాయనా కారులో పోయాము. అక్కా బావా పిల్లలూ ఆలూరు నుంచి ముందే వచ్చి, ఒక గుడారం నీడలో కూర్చున్నారు. బావ కొత్త పంచె కట్టుకొచ్చాడు. నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

“కారు కోసమని వచ్చినా అనుకోగాకు బామ్మర్దీ. నువ్వు పందెంలో తిరుగుతాంటే చూద్దామని వచ్చినా. నిజంగా.”

“నిజమే తమ్ముడా,” అంది అక్క. “కారు లేకుంటే ఏమాయె, ఇన్నాళ్లు ఆటోల్లో పోలేదా?”

ఆ మాట వేళాకోళమైతే బాగుండేది. అక్క మనస్ఫూర్తిగానే అంది.

కార్లను తనిఖీ చేసేది కడప నుంచి వచ్చిన ఒకామె. అందరూ మేడం అంటున్నారు. నడివయసు, చేతిలో టార్చి, గొంతులో అధికారం. నా కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టింది.

“ఏందబ్బీ ఇది?”

“సీటు మేడం.”

“సీటు నాకు కనపడతాంది. దాంట్లో ఆ పూల పూల బొంతలేంది?”

“మెత్తగుంటాదని...”

“తియ్యి.”

తీశాను. కూర్చోమంది, కూర్చున్నాను. హెల్మెట్ పెట్టించి, బెల్టులు బిగించి, ఇద్దరు మనుషుల్ని పిలిచి కారును అటూ ఇటూ ఊపమంది. వాళ్లు ఊపారు. బెల్టులు నన్ను సీట్లోంచి బయటకు పోనివ్వలేదు గానీ లోపల మాత్రం పూర్తి స్వేచ్ఛ ఇచ్చాయి. నేను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ప్రయాణం చేశాను. చుట్టూ జనం పోగయ్యారు. ఎవరో వీడియో తీయడం మొదలుపెట్టారు.

మేడం నవ్వలేదు. నా తొడకూ సీటుకూ మధ్య పిడికిలి దూర్చి, తిప్పి, బయటకు తీసింది.

“అబ్బీ, మామూలు కారులో సీటు కుచ్చునేకి. ఈ పందెంలో సీటు మనిషిని పట్టుకునేకి. బండి పల్టీ కొడితే లోపల నువ్వు కదలగూడదు. దీంట్లో నువ్వు గోలీ మాదిరి దొర్లుతాండావు. పక్కటెముకలు ఇరిగినాక మీ అమ్మకు నేనేం చెప్పాల?”

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అన్ని నెలలుగా కారు గురించి కలలు కన్నాను గానీ, అది బోర్లా పడితే లోపల ఉండేది నేనేనని ఒక్కసారి కూడా తోచలేదు.

మేడం టార్చి వేసి కింద బోల్టులు చూసింది, ముద్ర చూసింది, బెల్టులు లాగి చూసింది. “సీటు గట్టిది. బాగా బిగించినావు. ముద్ర ఉండాది. అన్నీ సరే,” అని కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది. “మనిషే సరిపోలే.”

నాయన చేయి చాపాడు. తాళాలు నేనే తీసి బావ చేతిలో పెట్టాను. ఆ క్షణం నా కళ్లలోకి మట్టి పోయిందని అందరికీ చెప్పాను. వెనక వరసలో కార్లు హారన్లు కొడుతున్నాయి.

“బండి పక్కకు తీయప్పా!” అని ఎవరో అరిచారు.

బావ పంచె ఎగగట్టి, పంజరం గొట్టాల మధ్య నుంచి ఎలాగో లోపలికి దూరాడు. మా బావ ఒళ్లు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. మనిషి పొట్టి కాదు, పొడుగు కాదు. అడ్డంగా మాత్రం దేవుడు ఎక్కడా పొదుపు చేయలేదు. బస్సులో రెండు టిక్కెట్లు తీసుకునే మనిషి. ఆయన ఆ సీట్లోకి దిగాడు. దిగి, ఒక్కసారి సర్దుకుని, “అబ్బ!” అన్నాడు హాయిగా.

“ఆగప్పా, ఆగు!” అంది మేడం.

వచ్చి పిడికిలి దూర్చబోయింది. దూరలేదు. వేలు పెట్టి చూసింది. అదీ దూరలేదు. భుజాల దగ్గర చూసింది, బెల్టులు వేయించింది, మళ్లీ ఆ ఇద్దరినీ పిలిచి ఊపించింది. కారు ఊగింది. బావ ఊగలేదు.

“మీరెవురు?”

“ఈయప్ప అక్క మొగుణ్ణి మేడం.”

“బండి బాగా తోల్తారా?”

“పదహైదేండ్ల నుంచి ఆలూరు తట్టు నుంచి కర్నూలు మార్కెట్‌కు బాడుగ బండిలో ఉల్లిగడ్డలు తోలుతాండా. బురదలో, గుంతల్లో, అన్నిట్లో.”

“డ్రైవరు పేరు మార్చుకునేకి ఇంకా గంట టైముండాది. రెండు చుట్లు తిరిగి చూపించండి, బాగుంటే ఇడుస్తా.”

బావ నా వైపు చూశాడు. “బామ్మర్ది ఊ అంటేనే.”

ఊ అన్నాను. పంచె విప్పించి నా ప్యాంటు ఇవ్వబోతే అది ఆయన మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. తనిఖీ చేసేవాళ్లే ఎవరిదో పెద్ద సూటు తెచ్చి తొడిగారు. నా హెల్మెట్ మాత్రం సరిగ్గా పట్టింది. తల సైజు మా ఇద్దరిదీ ఒకటే, లోపల సరుకే వేరు.

బావ రెండు చుట్లు తిరిగి మేడం చేత సరే అనిపించుకున్నాడు. ఇక ఆ పందెం ఎలా జరిగిందో చెప్పాలంటే, తక్కినవాళ్లంతా మలుపుల్లో దుమ్ము లేపి, జారి, టైర్ల కుప్పలను గుద్దారు. మా బావ వెనక యాభై బస్తాలు ఉన్నాయన్నట్టు, ఒక్క ఉల్లిగడ్డ కూడా కింద పడకూడదన్నట్టు తోలాడు. ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. పాత కార్లలో మూడో స్థానం వచ్చింది. అప్పుడు నా పిచ్చి ముఖం చూడాలి మీరు. బాధ మరచిపోయి, గంతులేసి, అరిచి, గొంతు పోగొట్టుకున్నాను.

చిన్న కప్పు చేతికిస్తూ మేడం మైకులో చెప్పింది. “అందరూ ఈ సీటు చూడండి. మనిషి ఒంటికి కొలిచి చేయించినారు. ఇట్ల ఉండాల.”

అది విని అక్క గబగబా నా దగ్గరికొచ్చింది. కళ్లనిండా నీళ్లు.

“తమ్ముడా, నాకిప్పుడు అర్థమైంది. నీ కోసమని చెప్పి ఆయన కొలతకు చేయించినావు కదా?”

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. నాయన నా కాలు తొక్కాడు.

“గమ్మునుండు,” అన్నాడు పెదవులు కదపకుండా.

“మా పెండ్లిలో మనోళ్లు ఆయనకు పెట్టిన చొక్కాకు గుండీలు పడలేదు, గుర్తుండాదా?” అంది అక్క. “అందరూ నవ్విరి. పంచె కండువాతోనే పీటల మీద కుచ్చున్నాడు. ఆయన ఏమీ అనలేదు గానీ, మనసులో అట్లే ఉండిపోయిండాది. ఈ పొద్దుకు కడిగేస్తివి.”

బావ కప్పు పట్టుకుని మెల్లగా వచ్చాడు. దుమ్ములో రెండు కన్నీటి చారలు. నా భుజం మీద చేయి వేశాడు.

“బామ్మర్దీ, పన్నెండేండ్లకు మీ ఇంటి నుంచి నాకు సరిపోయేది ఒకటి వచ్చె.”

నేను తల వంచుకున్నాను. దాన్ని అందరూ వినయం అనుకున్నారు. కారు ఆలూరు పోయింది. నేనూ నాయనా బస్సులో డోన్ వచ్చాము.

ఆ మెప్పు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. అందుకని ఆ మధ్య నిజంగానే, మనసు పెట్టి, మస్తాన్ భాయ్‌ని ఆలూరు దాకా తీసుకుపోయి కొలిపించి, లూజు కూడా పెట్టించి బావకు ఒక చొక్కా కుట్టించాను. గుండీలు పడలేదు.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట కూర్చుని చూడకుండా ఏ సీటూ కొనను. ఫోనులో ఎవరు ఏం చెబుతున్నా వాక్యం పూర్తయ్యేదాకా స్పీకర్ ఆపను. మనిషిని సగం చేయను. బావకు ఏదైనా ఇవ్వాలనుకుంటే మాత్రం, నా కోసమే కొంటాను.